తుపాను కాలములో వరి పంట: గ్రామ పంచాయతీల కర్తవ్యము

కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా వరి చేతికి వచ్చు కాలమును, బంగాళాఖాతములో తుపానులు బలపడు కాలమును ఇంచుమించు ఒక్కటియే. వానలు లేక పైరు ఎండిపోవుట మెట్ట ప్రాంతముల కష్టము. పండిన పంట కన్నులయెదుట నీట మునుగుట డెల్టా ప్రాంతముల కష్టము. దుక్కి, విత్తనము, ఎరువు, ఊడ్పు కూలి మొదలగు పెట్టుబడి అంతయు పెట్టి, ఇక కోతయే తరువాయి అని రైతు ఎదురుచూచు వేళ ఈ నష్టము సంభవించుచున్నది. అప్పు తెచ్చి సేద్యము చేయు కౌలు రైతునకు ఇట్టి ఒక్క తుపాను మూడు నాలుగు పంటల కష్టమును తుడిచిపెట్టగలదు.

తుపానును ఆపుట మానవ సాధ్యము కాదు. కాని తుపాను వచ్చునాటికి పైరు ఏ దశలో ఉండవలెను, చేలో నిలిచిన నీరు ఎంత త్వరగా బయటకు పోవలెను, కోసిన పనలు ఎక్కడ ఉండవలెను అను మూడు విషయములు చాలవరకు మన చేతిలో ఉన్నవి. ఇందుకు తోడ్పడు కొత్త వంగడములు, యంత్రములు, వాతావరణ సూచనలు నేడు లభించుచున్నవి. అయితే వీటిలో పెక్కింటిని ఒక్క రైతు ఒంటరిగా ఉపయోగించుకొనలేడు. ఊరు కలసి నిర్ణయించినపుడే అవి ఫలించును. రాజ్యాంగము 73వ సవరణ ననుసరించి చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మొదటిది వ్యవసాయమే. కావున ఈ విషయములను పంచాయతీ సభ్యులు తమవిగా భావించుట అవసరము.

ప్రాణరక్షణలో నేర్చిన పాఠము

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన తుపానులో సముద్రము ఉప్పెనగా పొంగి సుమారు పదివేల మందిని బలిగొన్నది. 1990 మే 9వ తేదీన మరియొక పెను తుపాను కృష్ణా నది ముఖద్వార ప్రాంతముననే తీరము దాటెను. అయినను లక్షలాది ప్రజలను ముందుగానే సురక్షిత ప్రదేశములకు తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోపుగనే ఉండెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చి, వందలాది కుటుంబములకు తీరని దుఃఖము మిగిల్చినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు ఆస్తి నష్టము అపారముగా నున్నను, ప్రాణనష్టము పదుల సంఖ్యకు పరిమితమయ్యెను.

ఈ మార్పు దానంతట అది రాలేదు. తుపాను రక్షణ భవనములు కట్టబడెను. హెచ్చరికలు సకాలములో అందుట మొదలిడెను. అన్నిటికంటె ముఖ్యముగా, హెచ్చరిక వచ్చిన వెంటనే ఊరంతయు కలసి కదలుట ప్రజలు అలవరచుకొనిరి. ఇండ్లు విడిచి వెళ్ళు విషయములో ఎవరికి తోచినట్లు వారు చేసిన కాలము గడచిపోయినది.

పంట విషయములో ఇంకను ఆ స్థితి రాలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటునాటికి అనేక గ్రామములలో వరి కొంత కోతకు సిద్ధముగను, కొంత పనల మీదను, కొంత కళ్ళములలోను ఉండెను. హెచ్చరిక ముందుగనే వచ్చెను. కాని యంత్రములు చాలక, బరకములు చాలక, చేను చేరు దారి లేక చాలమంది రైతులు చేష్టలుడిగి చూడవలసి వచ్చెను. హెచ్చరిక అందుట ఒక ఎత్తు. అందిన హెచ్చరికను వినియోగించుకొనుటకు ఊరు ముందే సిద్ధపడియుండుట మరియొక ఎత్తు.

పంట కాలపు లెక్క

మొదట కాలమును గూర్చి ఆలోచింతము. డెల్టాలో సార్వాకు ఎక్కువగా వేయు దీర్ఘకాలిక వరి రకములు 145 నుండి 150 దినములలో పండును. జూలై 10వ తేదీన ఆకుమడి పోసినచో అట్టి రకము డిసెంబరు మొదటి వారమునకు గాని కోతకు రాదు. వరి ఈనిన తరువాత గింజ పండుటకు సుమారు 30 దినములు పట్టును. కావున ఆ చేను నవంబరు మొదటి వారములో పూతమీద నుండును. అనగా తుపానులకు అనువైన నెల అంతయు ఆ పైరు పూత, పాలు, గింజ గట్టిపడుట అను సున్నితమైన దశలలోనే గడపవలసి యుండును.

అదే ఆకుమడిని జూన్ 10వ తేదీన పోసినచో నవంబరు మొదటి వారమునకే కోత సాగును. ఇది స్థూలమైన లెక్క. రకమును బట్టి, ఊడ్పు జాప్యమును బట్టి కొన్ని దినములు అటునిటు కావచ్చును. అయినను ఒక్క నెల ముందు సాగు వలన కలుగు లాభము స్పష్టము. దాళ్వా వరికి గాని, అపరాల పైరుకు గాని కూడ వ్యవధి మిగులును. ఈ ఉద్దేశముతోనే 2022లో గోదావరి డెల్టా కాలువలకు జూన్ 1వ తేదీననే నీరు విడుదల చేయబడినది.

ముందు సాగు సర్వరోగ నివారిణి కాదని కూడ తెలియవలెను. అక్టోబరులోను తుపానులు వచ్చుచున్నవి. హుద్‌హుద్ అక్టోబరు రెండవ వారమున వచ్చినది. 2025 అక్టోబరు నెలాఖరున మొంథా తుపాను కోస్తాను తాకినది. తుపాను రాదని హామీ ఇచ్చు తేదీ ఏదియు లేదు. కాని పంట నవంబరు, డిసెంబరు నెలలు రెండింటను చేలో ఉండుటకంటె, నవంబరు తొలి దినములలోనే గాదె చేరుట మేలు అనుటలో సందేహము లేదు.

కాలువకు నీరు ఆలస్యముగా వచ్చిన సంవత్సరములలో రెండు మార్గములు కలవు. మొదటిది, సుమారు 120 దినములలో పండు యం.టి.యు. 1010 వంటి స్వల్పకాలిక రకములను ఎన్నుకొనుట. జూలై 10న ఆకుమడి పోసినను ఇట్టి రకము నవంబరు మొదటి వారమునకు కోతకు వచ్చును. రెండవది, ఊడ్పు మాని, దమ్ము చేసిన మడిలో మొలకెత్తిన విత్తనమును డ్రమ్ము సీడరుతో వరుసలుగా వేయుట. దీనివలన పంట వారము పది దినములు ముందుగా పండును. నారు పెంచు ఖర్చు, ఊడ్పు కూలి తగ్గును. అయితే మడి సమముగా ఉండవలెను. విత్తిన రెండు మూడు దినములలో పెద్ద వాన కురిసినచో విత్తనము కొట్టుకొనిపోవును. కలుపు బెడద కూడ ఎక్కువ. కావున మురుగు పోవు వసతి గల మెరక చేలలో ముందుగా ప్రయత్నించి, ఫలితము చూచి విస్తరించుట మంచిది.

విత్తనము ఎన్నికలో గమనింపదగిన విషయములు

1925లో నెలకొల్పబడిన మార్టేరు వరి పరిశోధన కేంద్రము డెల్టా రైతులకు చిరపరిచితము. అక్కడ రూపొంది 1982లో విడుదలయిన స్వర్ణ (యం.టి.యు. 7029) మన రాష్ట్రములోనే కాక తూర్పు భారతమంతటను వ్యాపించినది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన సాంబమసూరి (బి.పి.టి. 5204) సన్న బియ్యమునకు పేరుపొందినది. సాంబమసూరికి బజారులో మంచి ధర పలుకును గాని, గాలివానకు చేను పడిపోవును. ధర కొరకు పడిపోవు రకమును వేయుటయా, దిగుబడి నిలుచుటకు గట్టి కాండము గల రకమును వేయుటయా అను చిక్కు ప్రతి రైతునకు ఉన్నదే. పల్లపు చేలలోను, మురుగు వసతి లేని చేలలోను పడిపోని రకములను, ధర పలుకు సన్న రకములను మెరక చేలలోను వేయుట వివేకము.

ముంపును గూర్చి శాస్త్రజ్ఞులు సాధించిన విజయము ఒకటి ఇక్కడ చెప్పదగియున్నది. ఒడిశా రైతులు తరతరములుగా పండించిన ఒక నాటు వరి నుండి ఎఫ్.ఆర్. 13ఎ అను వంగడము ఎన్నిక చేయబడినది. అది పూర్తిగా నీట మునిగినను చావదు. ఆ శక్తికి కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించిరి. దానికి సబ్-1ఎ అని పేరు. ఫిలిప్పీన్సు దేశములోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఆ గుణమును సంకరణము ద్వారా మన స్వర్ణలో ప్రవేశపెట్టి స్వర్ణ-సబ్ 1 అను రకమును తయారు చేసిరి. అది మన దేశములో 2009లో విడుదలయ్యెను. గింజ, దిగుబడి స్వర్ణ వలెనే ఉండును.

సామాన్యముగా వరి మొక్క నీట మునిగినపుడు గాలి కొరకు పైకి సాగుటకు ప్రయత్నించి, తనలో నిలువయున్న శక్తినంతయు వ్యయపరచుకొని, నీరు తీయగానే వాలిపోయి చచ్చును. సబ్-1 గుణము గల మొక్క సాగక, శక్తిని దాచుకొని, నీరు తీసిన పిమ్మట మరల చిగిర్చును. సుమారు రెండు వారముల వరకు ఇట్లు తట్టుకొనగలదు.

ఈ గుణమునకు గల పరిమితిని రైతులకు స్పష్టముగా చెప్పవలెను. ఇది ఊడ్చిన తరువాత పిలక దశలో వచ్చు వరదకు మాత్రమే రక్షణ. పూత దశలో మునిగిన చేనును గాని, పండి పడిపోయిన చేనును గాని ఇది కాపాడదు. కొత్త రకము వేసితిమి గదా అని మురుగు కాలువను మరచుట ప్రమాదకరము.

విత్తనము కొనునపుడు మరియొక ప్రశ్న వేయవలెను. కొన్ని రకముల గింజలు పండిన తరువాత రెండు మూడు వారముల వరకు మొలకెత్తవు. దీనిని నిద్రావస్థ అందురు. ఈ గుణము లేని రకము పండి తడిసినచో రెండు మూడు దినములలో వెన్ను మీదనే మొలకెత్తును. దిగుబడిని అడుగునట్లే నిద్రావస్థను గూర్చియు వ్యవసాయాధికారిని అడుగుట రైతులు అలవాటు చేసికొనవలెను.

ఒంటరి రైతు చేయలేని పని

ఇన్ని సౌకర్యములున్నను అవి త్వరగా వ్యాపింపకపోవుటకు రైతుల అజ్ఞానమే కారణమని కొందరు భావింతురు. ఇది సరికాదు. ఒక ఆయకట్టులో ఒక్క రైతు మాత్రము నెల ముందుగా పంట వేసెననుకొందము. ఊరి పిట్టలు, ఎలుకలు అన్నియు ముందు పండిన ఆ ఒక్క చేను మీదనే పడును. అతని చేనికి కోతయంత్రము పోవలెనన్న నడుమనున్న పచ్చి చేలు అడ్డము. అతడు కోతకు చేను ఆరగట్టుకొను సమయమున పై చేలవారు నీరు పెట్టుచుందురు. ఆ నీరు ఊటగా అతని చేనిలోనికే దిగును. ఒంటరిగా ముందడుగు వేసినవాడు నష్టపోవును. దానిని చూచి ఇరుగుపొరుగువారు ఆ పద్ధతియే మంచిది కాదని నిశ్చయింతురు.

కావున సాగు తేదీని, రకముల కాలపరిమితిని ఒక్కొక్క బోదె క్రింది రైతులందరును కలసి నిర్ణయింపవలెను. 1997 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములు ఇందుకు తగిన వేదికలు. పంచాయతీ సభ్యులు మే నెలలోనే ఈ సంఘములతోను, వ్యవసాయాధికారులతోను సమావేశమై, ఏ బోదె క్రింద ఏ వారములో ఆకుమళ్ళు పోయవలెనో తీర్మానము చేయుట శ్రేయస్కరము. రైతులు నీరు రాక కొరకు, కాలువ అధికారులు రైతుల సన్నద్ధత కొరకు ఒకరినొకరు ఎదురుచూచుచు జూన్ నెలను వృథాపుచ్చుట ఈ విధముగా తప్పును.

మురుగు కాలువలు

డెల్టా నేల సముద్రమట్టమునకు కొద్ది ఎత్తున మాత్రమే ఉన్నది, వాలు స్వల్పము. కొల్లేరు నీరంతయు ఉప్పుటేరు మీదుగానే సముద్రము చేరవలెను. సముద్రము పోటు మీద ఉన్నపుడు మురుగు కాలువలలో నీరు కదలదు. ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి మీదుగా పోవలసినదే గనుక, ఎక్కడ అడ్డు పడినను దాని పైనున్న గ్రామములన్నియు మునుగును.

ఈ సమస్య కొత్తది కాదు. 1960 దశకములో మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘము డెల్టా మురుగు పారుదలను పరిశీలించెను. 1968లో డెల్టా ప్రాంతముల మురుగు పారుదల సెస్సు చట్టము చేయబడెను. పెద్ద డ్రెయిన్ల త్రవ్వకము ప్రభుత్వము చేయవలసిన పని. కాని చేను గట్టు నుండి పెద్ద డ్రెయిను వరకు గల చిన్న మురుగు బోదెలు ఊరి అదుపులోనివి. అవి గుర్రపుడెక్కతోను, తూడుతోను నిండి, కొన్నిచోట్ల గట్లు కలిసిపోయి, మరికొన్నిచోట్ల చేపల చెరువుల అడ్డుకట్టలతో మూసికొనిపోయి ఉండుట అందరును ఎరిగినదే. ఆక్రమించినవాడు పొరుగువాడో బంధువో అగుటచే ఎవరును నోరు మెదపరు. ఈ మౌనము ఫలితము తుపాను రాత్రి తెలియును. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించుటకు గిట్టుబాటు ధర లేమితో పాటు ముంపు బెడదయు ఒక కారణము.

వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో ప్రతి పంచాయతీ తన పరిధిలోని మురుగు బోదెలను నడచి చూచి, అడ్డములన్నిటిని పటముపై గుర్తించి గ్రామసభలో చదివి వినిపించవలెను. పేరు పెట్టి ఎవరినో నిందించుటకంటె, ఒకేమారు అన్ని ఆక్రమణలను ఒకే కొలతతో తొలగించుట వలన వైరములు రావు. దిగువ పంచాయతీతో మాటలాడక ఎగువ పంచాయతీ మాత్రము బోదె త్రవ్వినచో నీరు దిగువ ఊరి చేలను ముంచును. కావున ఒకే డ్రెయిను మీది గ్రామములన్నియు కలసి పని చేయవలెను. చేలకు పోవు పుంతలను కూడ అప్పుడే బాగుచేసినచో కోతయంత్రములు సకాలములో చేరగలవు.

హెచ్చరికలు: వాటి అర్థము

సముద్రముపై గాలి వేగమును బట్టి వాతావరణ శాఖవారు పేర్లు పెట్టుదురు. గంటకు 31 కిలోమీటర్లకు లోపు అల్పపీడనము. 31 నుండి 49 వరకు వాయుగుండము. 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 మొదలు తుపాను. 89 మొదలు తీవ్ర తుపాను. అయితే వరి రైతునకు గాలి వేగము ఒక్కటియే ప్రమాణము కాదు. తీరమును దాటి మెల్లగా కదలు వాయుగుండము కూడ రెండు మూడు దినములు కుండపోతగా కురిసి, పెను తుపాను చేసినంత నష్టము చేయగలదు.

హెచ్చరికలు నాలుగు దశలుగా వెలువడును. సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక, తీరము దాటుటకు 12 గంటల ముందు లోతట్టు ప్రాంతములకు ముందస్తు అంచనా వచ్చును. 2024 అక్టోబరు 24వ తేదీన కేంద్ర పంచాయతీరాజ్ శాఖ, వాతావరణ శాఖ కలసి గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలను ప్రారంభించినవి. ఇ-గ్రామస్వరాజ్, మేరీ పంచాయత్ వేదికలలో ప్రతి పంచాయతీకి రాబోవు అయిదు దినముల సూచన లభించును. దానిని ప్రతి ఉదయము పంచాయతీ కార్యాలయపు బోర్డుపై వ్రాయించి, మైకు ద్వారా చదివించుట ఖర్చు లేని పని. సెల్‌ఫోను లేని రైతునకు, చదువు రాని కూలికి అది ఎంతో ఉపకరించును.

హెచ్చరిక వచ్చినపుడు చేయవలసిన పని పైరు దశను బట్టి మారును.

1. పైరు పచ్చిగా ఉన్నచో, చేలోని నీటిని తీసివేసి, మురుగు మడవలు తెరచి ఉంచవలెను. వాన వెలియు వరకు ఎరువు చల్లరాదు, మందు కొట్టరాదు.

2. చేను పండి కోయకున్నచో, ఆ 72 గంటలలో కోసి, నూర్చి, ధాన్యమును ఇల్లు చేర్చగలిగిననే కోయవలెను. లేనిచో కోత ఆపవలెను. నిలుచున్న చేనుకు కలుగు నష్టముకంటె చేలో పరచిన పనలకు కలుగు నష్టము ఎక్కువ.

3. కోసిన పనలు చేలో ఉన్నచో, కట్టలు కట్టి మెరక చోట కుప్ప వేసి, బరకము కప్పవలెను. పనలు తడిగా ఉన్నచో వరుసల నడుమ ఉప్పు చల్లవలెను.

4. ధాన్యము కళ్ళములో గాని రోడ్డు మీద గాని ఉన్నచో వెంటనే బస్తాల కెత్తి గిడ్డంగికో, బడి వరండాకో, సమీపములోని మిల్లుకో తరలింపవలెను.

ఈ పనులకు బరకములు, బస్తాలు, యంత్రములు, చోటు కావలెను. హెచ్చరిక వచ్చిన దినమున వెదకినచో అవి దొరకవు. దొరికినను అద్దె రెట్టింపగును. అక్టోబరు ఆరంభములోనే ఊరిలో ఎన్ని బరకములున్నవి, బురదలో నడచు చైను యంత్రములు ఎవరి వద్ద ఉన్నవి, ఏ భవనములో ఎన్ని బస్తాలు పట్టును అను లెక్క వ్రాసి ఉంచవలెను. యంత్రము ఏ వరుసలో తిరుగవలెనో కూడ ముందే నిర్ణయించినచో, చిన్న రైతు వంతు చివరకు నెట్టబడదు.

తుపాను వెలిసిన పిమ్మట

మొదటి పని నీరు తీయుట. పడిపోయిన చేనును మూడు నాలుగు దుబ్బులు చేర్చి నిలగట్టవలెను. పండిన వెన్నులు తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన ద్రావణము పిచికారి చేసినచో గింజ మొలకెత్తుట చాలవరకు ఆగును. పిలక దశలో మునిగి తేరిన పైరుకు వ్యవసాయాధికారి సలహాపై యూరియా, పొటాషు వేసినచో త్వరగా కోలుకొనును. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యములో తేమ 17 శాతమునకు మించరాదు గనుక ఆరబెట్టు చోటు, ఆరబెట్టు యంత్రములు ఊరికి అత్యవసరము.

రెండవది నష్టపు నమోదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వర్తించు చోట, కోసి చేలో ఆరవేసిన పంటకు కోతనాటి నుండి 14 దినముల లోపల తుపాను వలన గాని, అకాల వర్షము వలన గాని నష్టము కలిగినచో, 72 గంటలలోగా తెలియజేయవలెను. ఈ గడువు తెలియక హక్కు కోల్పోవువారు అనేకులు. పరిహారమునకైనను, బీమాకైనను పంట నమోదే ఆధారము. డెల్టాలో భూమిని దున్నువారిలో పెక్కుమంది కౌలుదారులు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము వారికి 11 నెలల సాగు పత్రము పొందు వీలు కల్పించినది. అయినను యజమాని సంతకమునకు వెనుదీయుటచే కొందరి పేర్లు నమోదు కాకుండుట కద్దు. ఆ స్థితిలో పంట పోయినది ఒకరికి, పరిహారము చేరునది మరియొకరికి. సార్వా ఆరంభములోనే సభ్యులు యజమానులను, కౌలుదారులను కూర్చుండబెట్టి ఈ పత్రములు వ్రాయించుటయు, నష్టముల జాబితాను అందరికి కనబడునట్లు ప్రకటింపజేయుటయు న్యాయము.

ఏడాది పొడవున చేయవలసిన పనులు

పైన చెప్పిన వాటిలో పెక్కింటికి పెద్ద మొత్తము ధనము అక్కరలేదు. కాలమునకు తగిన నిర్ణయము కావలెను. ఏప్రిల్, మే నెలలలో మురుగు బోదెల తనిఖీ, పుంతల మరమ్మతు. మే నెలాఖరులోగా సాగు తేదీ, రకముల తీర్మానము. జూన్, జూలై నెలలలో కౌలు పత్రములు, పంట నమోదు. అక్టోబరులో బరకములు, యంత్రములు, గిడ్డంగుల లెక్క. కోత ముగియు వరకు ప్రతిదినము వాతావరణ సూచన ప్రకటన. ఈ అయిదింటిని గ్రామసభ తీర్మానముల పుస్తకములో వ్రాసి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సభ్యుని బాధ్యునిగా నియమించినచో చాలును.

దివిసీమ ఉప్పెన నాటి నుండి తీర గ్రామములు మనుషులను కాపాడుకొనుట నేర్చినవి. ఊరు కలసి కదలుటయే అందులోని మెలకువ. ఆ మెలకువనే మే నెల గ్రామసభ నుండి పంటకు కూడ వర్తింపజేయుట డెల్టా పంచాయతీలు నేడు చేపట్టదగిన పని.